తాడు తెగిన తాళపత్రాలు: బెనిన్ ఇత్తడి ఫలకాలు ఎవరివి?

1897 ఫిబ్రవరిలో తీసిన ఒక ఫోటో ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ రాజ్యంలో కాలిపోయిన రాజభవనం లోపలి వాకిట్లో ముగ్గురు బ్రిటిష్ వాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు ఇత్తడి ఫలకాలు, పాత సామాన్ల కొట్టు ముందు పడేసినట్టు, గుట్టగా పడి ఉంటాయి. ఆ రాజ్యం మీద దండయాత్రకు వెళ్లిన బ్రిటిష్ అధికారులు తమ రాతల్లో ఈ సరుకుకు వాడిన మాట ‘లూట్’. ఇంగ్లీషుకు ఆ మాట వెళ్లింది మన దేశం నుంచే. మనం లూటీ అంటున్నది దాన్నే. అంటే పేరు విషయంలో ఆ రోజు ఎవరికీ అనుమానం లేదు. ‘సేకరణ’ అనే మర్యాదైన మాట తర్వాత, మ్యూజియం గోడ మీద కార్డు రాసేటప్పుడు వచ్చింది.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. ఇక్కడ బెనిన్ అంటే ఇవాళ మ్యాపులో కనిపించే బెనిన్ దేశం కాదు. ఆ దేశాన్ని 1975 దాకా దహోమే అనేవాళ్లు. మన కథ జరిగిన బెనిన్ రాజ్యం దాని పక్కనే ఉన్న నైజీరియాలో, ఇప్పటి ఎడో రాష్ట్రంలో ఉండేది. ప్రజలు ఎడోలు. రాజును ఓబా అంటారు. ఓబాల వంశం ఇప్పటికీ ఉంది. రాజ్యాధికారం లేకపోయినా బెనిన్ నగరంలో ఆయన మాటకు ఉన్న బరువు తక్కువేమీ కాదు. చివర్లో ఈ సంగతి మళ్లీ ముందుకొస్తుంది.

రెండో చిక్కు లోహం గురించి. లోకమంతా వీటిని ‘బెనిన్ కంచు’ అంటుంది గానీ చాలావరకు ఇవి ఇత్తడివి. దంతంతో చెక్కినవి, చెక్కవి, పగడాలవి కూడా ఆ పేరు కిందే లెక్కేస్తారు.

మైనం, మట్టి, ఇత్తడి

బెనిన్ నగరంలో ఇగున్ అనే వీధి ఉంది. లోహం పోత పోసేవాళ్ల వీధి అది. వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం, ఓగువోలా అనే ఓబా ఇఫే నగరం నుంచి ఇగుయేఘా అనే పోతపనివాణ్ని రప్పించి ఈ విద్య నేర్పించాడు. అప్పట్లో వాళ్లు ఓబా కోసమే పని చేయాలి. అనుమతి లేకుండా ఇంకొకరికి చేసివ్వడం నేరం.

పని పద్ధతి మన దగ్గరా ఉంది. ఆదిలాబాద్ వైపు ఓజాలు డోక్రా బొమ్మలు చేసేది ఇలాగే. మట్టితో లోపలి ముద్ద చేస్తారు. దాని మీద తేనెమైనం పరిచి, కనురెప్ప దగ్గర్నుంచి పూసల వరుస దాకా అన్నీ మైనంలోనే దిద్దుతారు. పైన మెత్తని మట్టి పూత, దాని మీద గట్టి మట్టి. ఆరాక కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాలి. మట్టి పగిలితేనే బొమ్మ బయటికొస్తుంది, అంటే ఒక అచ్చుకు ఒక్క బొమ్మే. రెండోది కావాలంటే మైనం దగ్గర్నుంచి మళ్లీ మొదలు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. 1897 దాటిన యాభై ఏళ్ల తర్వాత లండన్‌లో ఒక ఫైలు మీద ఇది అక్కరకొస్తుంది.

ఇత్తడి ఎక్కడిది? 15వ శతాబ్దం చివర్లో పోర్చుగీసు వాళ్లు ఓడల్లో వచ్చారు. మిరియాలు, దంతం, బట్టలు, మనుషులు కొనుక్కుని, బదులుగా ‘మనిల్లా’లు ఇచ్చారు. మనిల్లా అంటే గుర్రపు లాడం ఆకారంలో ఉండే ఇత్తడి కడియం. ఆ తీరమంతా అదే డబ్బు. మునిగిపోయిన ఓడల్లో దొరికిన మనిల్లాలను పరీక్షించి, వాటి లోహం జర్మనీలోని రైన్ నది ప్రాంతం గనులదని, బెనిన్ ఫలకాల లోహంతో అది సరిపోతోందని శాస్త్రవేత్తలు 2023లో తేల్చారు. జర్మనీ ఇత్తడి ఆఫ్రికాకు వెళ్లి ఓబా మొహమైంది, మళ్లీ జర్మనీ మ్యూజియాలకే చేరింది.

గోడ మీద చరిత్ర

ఫలకాలను అలంకారం అనుకుంటే సగం కథ పోయినట్టే. 1668లో డచ్చి రచయిత ఓల్ఫర్ట్ డాపర్, చూసినవాళ్లు చెప్పగా విని, ఓబా భవనం గురించి రాశాడు. చెక్క స్తంభాలకు పై నుంచి కింది దాకా లోహపు ఫలకాలు కప్పి ఉన్నాయని, వాటి మీద యుద్ధాలు, వీరుల పనులు చెక్కి ఉన్నాయని. ఇవాళ మనకు తెలిసినవి సుమారు 850 ఫలకాలు. ఎక్కువ భాగం 16, 17 శతాబ్దాలవి.

ఒకదాన్ని దగ్గరగా చూస్తే, మధ్యలో పెద్ద మనిషి ఉంటాడు. మెడ నుంచి గడ్డం దాకా పగడాల పట్టీ. పక్కన అతని సగం ఎత్తులో ఇద్దరు డాళ్లు పట్టుకుని నిలబడతారు. వాళ్లకన్నా చిన్నగా ఒకడు కొమ్ము ఊదుతుంటాడు. ఇది దూరం చూపించడం రాక కాదు, హోదాను బట్టి ఎత్తు. పై మూలల్లో ఒక్కోసారి పొడుగు జుట్టు, గడ్డంతో పోర్చుగీసు మొహాలు. వెనక ఖాళీ అంతా నాలుగు రేకుల ఆకు గుర్తులు, అవి నీటి దేవుడు ఓలోకున్‌కు సంబంధించినవి. నాలుగంచుల్లో మేకు రంధ్రాలు.

కొలువులో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ పదవికి ఏ దుస్తులు అనే సందేహం వస్తే ఈ ఫలకాలు చూసి తేల్చుకునేవాళ్లట. 18వ శతాబ్దం వచ్చేసరికి వీటిని స్తంభాల నుంచి దించి ఒక గదిలో భద్రపరిచారు. అంటే ఇది కొలువు దఫ్తరం. ఎడో భాషలో ‘గుర్తుంచుకోవడం’ అనే అర్థమున్న ఒక మాటకు అక్షరార్థం లోహంలో రూపం పోయడమేనని అంటారు.

ఫలకాలు కాక పూర్వీకుల పీఠాల మీద పెట్టే తలలు వేరే ఉన్నాయి. కొత్త ఓబా గద్దెనెక్కగానే చనిపోయిన తండ్రి కోసం పీఠం కట్టించి ఇత్తడి తల పోయించాలి. ఆ తల నడినెత్తిన గుండ్రటి రంధ్రం ఉంటుంది, అందులో చెక్కడాలున్న ఏనుగు దంతం నిలబెడతారు. మ్యూజియంలో తల ఒక అద్దాల పెట్టెలో, దంతం ఇంకో ఊళ్లో ఉంటాయి. చూసేవాళ్లకు ఆ రంధ్రం ఎందుకో అర్థం కాదు.

అన్నిటికన్నా పేరున్నది ఇడియా మొహం. 16వ శతాబ్దం మొదట్లో ఏలిన ఓబా ఎసిగియే తన తల్లి ఇడియాకు రాజమాత పదవి సృష్టించాడు. ఆమెదని చెప్పే దంతపు ముఖం జానెడు కన్నా కాస్త ఎక్కువ. బరువుగా వాలిన కనురెప్పలు, నుదుటి మీద ఇనుము పొదిగిన రెండు నిలువు గీతలు. తల మీద కిరీటంలా వరుసగా బుల్లి పోర్చుగీసు గడ్డం మొహాలు. సముద్రం మీదుగా సిరి తెచ్చిన తెల్లవాళ్లను రాజమాత జుట్టులో నగలుగా పెట్టారన్నమాట! దాదాపు ఇలాంటిదే ఇంకొకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. లండన్‌లో ఉన్నదాన్ని 1977లో లాగోస్‌లో జరిగిన ఫెస్టాక్ ఆఫ్రికా సాంస్కృతిక ఉత్సవానికి గుర్తుగా పెట్టుకున్నారు. అసలుదాన్ని కొద్ది రోజులు అప్పుగా ఇమ్మంటే, మరీ సున్నితంగా ఉంది, ప్రయాణానికి పనికిరాదని బ్రిటిష్ మ్యూజియం ఒప్పుకోలేదు. చివరికి కొత్తది చెక్కించుకుని పండగ చేసుకున్నారు.

జనవరి నుంచి ఫిబ్రవరికి

బ్రిటిష్ వాళ్లు చెప్పుకున్న కథ చిన్నది. మా దూతలు నిరాయుధంగా వెళ్తే చంపేశారు, అందుకే శిక్షించాం. దండయాత్ర పేరు కూడా అధికారికంగా అదే, శిక్షా దండయాత్ర. ఈ కథలో అబద్ధం కన్నా దాచిపెట్టిందే ఎక్కువ.

ఆ తీరంలో అప్పటి అసలు సరుకు పామాయిల్, రబ్బరు. ఓబా ఓవోన్‌రామ్వెన్ తన రాజ్యంలో వ్యాపారం తన చెప్పుచేతల్లోనే ఉంచుకున్నాడు. నచ్చనప్పుడు దారులు మూసేసేవాడు. 1892లో వైస్ కాన్సల్ హెన్రీ గాల్వే ఒక ఒప్పందం మీద అంగీకారం తీసుకుని వెళ్లాడు. దాని ప్రకారం రాజ్యం బ్రిటన్ రక్షణ కిందకు వచ్చినట్టు, వ్యాపారం అందరికీ తెరిచినట్టు. ఓబాకు అది అలా అర్థమైందా అన్నది పెద్ద ప్రశ్న. ఎందుకంటే ఆ తర్వాత కూడా ఆయన పద్ధతి మారలేదు.

1896 నవంబరులో తాత్కాలిక కాన్సల్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఫిలిప్స్ లండన్‌కు ఉత్తరం రాశాడు. ఓబాను దించేయడానికి అనుమతి అడిగాడు. ఖర్చు సంగతేమిటంటారేమో, రాజు ఇంట్లో దొరికే దంతంతోనే ఆ ఖర్చులు వెళ్లిపోతాయని ఆశిస్తున్నానని చేర్చాడు. ఈ వాక్యం నాకు మొత్తం కథలో కీలకం. ఎవరూ చనిపోకముందే, శిక్ష అనే మాట పుట్టకముందే, రాజు ఇంటి సొమ్ముతో బిల్లు కట్టే లెక్క కాగితం మీద ఉంది.

లండన్ నుంచి జవాబు రాకముందే ఫిలిప్స్ బయల్దేరాడు. రాజ్యంలో అప్పుడు ఇగూయే పండగ. ఆ రోజుల్లో ఓబా పరాయివాళ్లను చూడకూడదు. ఇప్పుడు రావద్దని కబురు పంపినా వినలేదు. 1897 జనవరి 4న దారిలో కాపు కాసిన బెనిన్ సేన దాడి చేసింది. వెళ్లిన తొమ్మిది మంది బ్రిటిష్ వాళ్లలో ఇద్దరే బతికారు. మోత మోయడానికి వెంట తీసుకెళ్లిన 200 మందికి పైగా ఆఫ్రికన్ కూలీల్లో ఎక్కువమంది చనిపోయారు. వాళ్ల పేర్లు చెప్పుకునేవాళ్లు తక్కువ.

ఆరు వారాల్లో అడ్మిరల్ హ్యారీ రాసన్ కింద సుమారు 1,200 మంది మాక్సిం మరతుపాకులతో దిగారు. ఫిబ్రవరి 18న నగరం పడిపోయింది. మూడు రోజుల తర్వాత మంటలు లేచి చాలా భాగం కాలిపోయింది. ఓబాను కలబార్‌కు పంపేశారు, 1914లో అక్కడే పోయాడు.

అప్పటి పత్రికలు బెనిన్‌ను నరబలుల నగరమని రాశాయి. బలులు కల్పితం కావు, జరిగేవి. బానిసల వ్యాపారంలోనూ ఆ రాజ్యానికి భాగం ఉంది. ఈ సంగతి దాచి బెనిన్‌ను అమాయకపు రాజ్యంగా చూపించాల్సిన అవసరం నాకు కనిపించదు. హంతకుడి ఇంట్లో దొంగతనం చేసినా అది దొంగతనమే.

పంపకాలు

లూటీ అయిన సొమ్ము రెండు దారుల్లో పోయింది. అధికారులు తలా కొన్ని సంచుల్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఫలకాల్లో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వ ఆస్తిగా లండన్‌కు పంపారు. ఆ ఏడాదే శరదృతువులో బ్రిటిష్ మ్యూజియం 300కు పైగా ఫలకాలను జనం ముందు పెట్టింది. చూసిన పండితులకు నోట మాట రాలేదు. ఇంత పనితనం ఆఫ్రికా వాళ్లదని నమ్మలేక, పోర్చుగీసు వాళ్లు నేర్పారేమో, ఈజిప్టు నుంచి వచ్చిందేమో అని వెతికారు. బెర్లిన్ మ్యూజియంకు చెందిన ఫెలిక్స్ ఫాన్ లూషాన్ మాత్రం యూరప్ పోత పనిలో అత్యుత్తమమైన దానికి ఇవి తీసిపోవని వెంటనే గుర్తించాడు. గుర్తించి ఏం చేశాడు? దొరికినన్ని కొన్నాడు. బెర్లిన్‌కు 500 పైచిలుకు చేరడానికి ఎక్కువగా ఆయనే కారణం.

బ్రిటిష్ మ్యూజియం సుమారు 200 ఫలకాలు ఉంచుకుంది, మిగతావి ప్రభుత్వం అమ్మేసింది. వేలంపాటలు, దళారులు, వారసులు, విరాళాలు. 2022లో ‘డిజిటల్ బెనిన్’ అనే ఆన్‌లైన్ జాబితా 20 దేశాల్లోని 131 సంస్థల్లో 5,246 వస్తువులు లెక్క తేల్చింది. తాళపత్ర గ్రంథానికి తాడు తెంపి, ఆకులు తలా గుప్పెడు పంచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి. తాళపత్రాలకైతే కనీసం అంకెలుంటాయి. ఏ ఫలకం ఏ స్తంభానికి, దేని పక్కన ఉండేదో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు లేరు. ఫలకాలన్నీ తిరిగి ఇచ్చినా ఆ వరుస తిరిగి రాదు.

ఇక ఆ ఫైలు సంగతి. 1950 నుంచి 1972 మధ్య బ్రిటిష్ మ్యూజియం 30కి పైగా బెనిన్ వస్తువుల్ని అమ్మేసింది. ఇవి ‘డూప్లికేట్లు’, ఒకే రకంవి రెండేసి ఉన్నాయి అన్నది వాదన. పగలగొట్టే అచ్చులోంచి వచ్చిన ఫలకానికి డూప్లికేట్ ఎక్కడిది? పక్కపక్కన పెట్టి చూస్తే దుస్తుల అంచు, పూసల లెక్క, చేతి వేళ్లు వేరే. జంటగా స్తంభానికి రెండు వైపులా పెట్టడానికి చేసినవాటిని కూడా విడదీశారు. కొన్నవాళ్లలో నైజీరియా కూడా ఉంది, తమ మ్యూజియం కోసం. తమ సొమ్ము తామే డబ్బిచ్చి కొనుక్కున్నారు.

అలా 1950లో వెళ్లిన రెండు ఫలకాలు తర్వాత ఎలాగో నైజీరియా దాటి మార్కెట్లో పడ్డాయి. 1991లో ఒక సేకర్త విరాళంగా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరాయి. 2021లో ఆ మ్యూజియం వాటిని మళ్లీ నైజీరియాకు ఇచ్చేసింది. ఇంకోటి చెప్పాలి. 1973లో నైజీరియా సైనిక పాలకుడు యాకుబు గోవన్ లండన్ పర్యటనకు వెళ్తూ, లాగోస్ మ్యూజియంలోంచి ఒక ఇత్తడి తలను తీసుకెళ్లి ఎలిజబెత్ రాణికి బహుమతిగా ఇచ్చాడు. చాలా ఏళ్లు అది నకలనే అనుకున్నారు, అసలుదని 2002లో బయటపడింది. తిరిగిస్తే అక్కడ భద్రంగా ఉంటాయా అని అడిగేవాళ్లు ఈ రెండు కథలూ చెబుతారు. భద్రత గురించి వాళ్లు చెప్పేది పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ డూప్లికేట్లని అమ్ముకున్న సంస్థ భద్రత గురించి పాఠం చెబితే వినడం కష్టం.

బ్రిటిష్ మ్యూజియం దగ్గర ఇప్పటికీ 900కు పైగా వస్తువులున్నాయి. ఇవ్వలేం, చట్టం ఒప్పుకోదు అంటుంది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం డూప్లికేట్లు, పనికిరానివి లాంటి కొన్ని తప్ప సేకరణలో ఏదీ వదులుకోవడానికి లేదు. నిజమే. ఆ చట్టాన్ని పార్లమెంటు మార్చగలదన్నదీ నిజమే. అదే చట్టం అదే భవనంలోని మన అమరావతి శిల్పాలకూ వర్తిస్తుంది. అయితే రెండిటినీ ఒకే గాటన కట్టలేం. అమరావతి రాళ్లు యుద్ధంలో దోచినవి కావు. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చినవి, తర్వాత 1859లో ఓడెక్కాయి. అడగకుండా తీసుకెళ్లడంలో కూడా రకాలున్నాయి.

ఇస్తాం, ఎవరికి ఇవ్వాలి?

2021 తర్వాత గేట్లు తెరుచుకున్నాయి. ఆ అక్టోబరులో కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీ తన భోజనశాలలో ఏళ్ల తరబడి ఉన్న ఇత్తడి కోడిపుంజును, అబర్డీన్ యూనివర్సిటీ ఒక ఓబా తలను అప్పగించాయి. 2022లో బెర్లిన్ 512 వస్తువుల యాజమాన్యం నైజీరియాకు రాసిచ్చింది. డిసెంబరులో జర్మనీ విదేశాంగ మంత్రి అన్నలేనా బేర్‌బాక్ స్వయంగా 20 వస్తువులు నైజీరియా రాజధాని అబూజాకు తీసుకెళ్లారు. లండన్‌లోనే హార్నిమన్ మ్యూజియం 72 ఇచ్చింది, దానికి 1963 చట్టం అడ్డు రాదు. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థ 29. 2025లో నెదర్లాండ్స్ 119.

యాజమాన్యం వేరు, వస్తువు వేరు అన్నది గమనించాలి. బెర్లిన్ రాసిచ్చిన వాటిలో సుమారు మూడో వంతు అప్పు మీద అక్కడే ఉండాలని ఒప్పందం, యజమాని నైజీరియా.

అసలు టెన్షన్ ఆ యజమాని ఎవరన్న దగ్గరే మొదలైంది. 1897లో నైజీరియా అనే దేశం లేదు. దోచింది ఓబా ఇంటి నుంచి. కాబట్టి ఓబాకే చెందాలన్నది రాజభవనం మాట. దేశమంతటి వారసత్వం, జాతీయ మ్యూజియాల శాఖ చూసుకోవాలన్నది రెండో మాట. ఇంకోవైపు ఎడో రాష్ట్ర గవర్నర్‌గా ఉన్న గాడ్విన్ ఒబాసెకి మద్దతుతో బెనిన్ నగరంలో ‘పశ్చిమ ఆఫ్రికా కళా మ్యూజియం’ పనులు మొదలయ్యాయి. ఆర్కిటెక్ట్ డేవిడ్ అజాయే. రాజభవనం తన సొంత మ్యూజియం కావాలని పట్టుబట్టింది. 2023 మార్చిలో అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ దిగిపోయే ముందు ఉత్తర్వు ఇచ్చాడు: తిరిగొచ్చే బెనిన్ వస్తువుల యజమాని ఓబా రెండో ఎవువారే. దాంతో కేంబ్రిడ్జి యూనివర్సిటీ 116 వస్తువుల అప్పగింతను వాయిదా వేసుకుంది. ప్రజల సొత్తు అనుకుని ఇచ్చాం, ఒక కుటుంబానికా అని జర్మనీలో గొడవ లేచింది. 2025 నవంబరులో కొత్త మ్యూజియం ప్రారంభ వేడుకల వేళ నిరసనకారులు లోపలికి చొరబడ్డారు, ప్రారంభం ఆగిపోయింది.

యూరప్ గొడవలో నాకు కనిపించే తేడా ఒకటి ఉంది. దొంగసొత్తు తిరిగిచ్చేటప్పుడు, నువ్వు దాన్ని ఎలా వాడుకుంటావో చెప్పు అప్పుడిస్తాను అనడం మర్యాద కాదు. కానీ ఎడోల మధ్య నడుస్తున్న వాదం వేరు, అది వాళ్లు తేల్చుకోవాల్సిన ఇంటి లెక్క. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లకు ‘అప్పుడే ఎందుకు ఇవ్వడం’ అనే సాకు దొరుకుతుంది.

వీటికి తోడు మూడో గొంతు ఒకటి వినిపించింది. అమెరికాలో బానిసల వారసుల తరఫున ఒక బృందం 2022లో స్మిత్సోనియన్ మీద కోర్టుకెక్కింది. ఆ మనిల్లాలు మా పూర్వీకులను అమ్మగా వచ్చినవి, ఆ ఇత్తడిలో మాకూ వాటా ఉంది, అమ్మినవాళ్ల వారసులకు మొత్తం ఎలా ఇస్తారు అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లకు కోర్టులో ఫలితం దక్కలేదు. అయినా ప్రశ్న బలమైనదే. ఒక్కో కడియం దేనికి బదులుగా వచ్చిందో, మిరియాలకా, దంతానికా, మనిషికా, లోహాన్ని కరిగించాక విడదీసి చెప్పే దారి లేదు.

ఇగున్ వీధి ఇప్పటికీ ఉంది. పోతలు పోస్తూనే ఉన్నారు, ఎక్కువగా ఇంటి అలంకారానికి, పర్యాటకులకు. పాత కుళాయిలు, మోటారు విడిభాగాలు కరిగించి వాడతారు. 2021లో అక్కడి కళాకారుల సంఘం ఒకటి బ్రిటిష్ మ్యూజియం ముందు ఒక బేరం పెట్టింది. మా పాతవి మాకిచ్చేయండి, కొత్తవి మేం మీకు చేసిస్తాం అని. ఇవ్వజూపిన వాటిలో స్పార్క్ ప్లగ్గులతో చేసిన నిలువెత్తు పొట్టేలు ఒకటి, బెనిన్ చరిత్ర ఘట్టాలు పోతపోసిన రెండు మీటర్ల చదరపు ఫలకం ఒకటి. అది ఇస్తామన్నవాళ్లకూ తమకూ మధ్య మాట్లాడుకోవాల్సిన విషయం అని మ్యూజియం జవాబిచ్చింది.